నీలి అంబర్ కొనే ముందు ఒక నల్లగుడ్డ

పుంటా కానా బీచ్‌లకు సెలవుల్లో వెళ్లే తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "డొమినికన్ రిపబ్లిక్‌లో నీలంగా మెరిసే అంబర్ లాకెట్లు అమ్ముతారట. అవి అక్కడి గనుల్లో దొరికినవేనా, రంగు కలిపిన ప్లాస్టిక్కా? కొనేవాడికి తెలిసేదెలా?"

అంబర్ అంటే చెట్టు జిగురు రాయిలా గట్టిపడినదని బడిపిల్లలకూ తెలుసు కాబట్టి ఆ కథ వదిలేద్దాం. డొమినికన్ అంబర్ హైమెనేయా ప్రొటేరా అనే అంతరించిన చెట్టుది, వయసు సుమారు కోటిన్నర నుంచి రెండు కోట్ల ఏళ్లు. అసలు సంగతంతా ఆ నీలంలో ఉంది.

నీలి అంబర్‌లో నీలి రంగు లేదు! కిటికీకి ఎదురుగా పట్టుకుని దాని గుండా చూస్తే మామూలు అంబర్‌లాగే తేనెరంగులో కనిపిస్తుంది. అదే ముక్కను ఎండలో నల్లగుడ్డ మీద పెట్టి, సూర్యుణ్ణి మన వీపు వైపు ఉంచుకుని చూస్తే పైభాగమంతా నీలంగా వెలుగుతుంది. దీన్నే ప్రతిదీప్తి అంటారు. ఎండలోని అతినీలలోహిత, ఊదా కిరణాలను అంబర్‌లోని పెరిలీన్ లాంటి ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు (కార్బన్ వలయాలున్న అణువులు) మింగుతాయి. ఆ శక్తిలో కొంత అణువు కంపనాల్లో వేడిగా పోతుంది, మిగిలింది కొన్ని నానోసెకన్లలోనే బయటికొస్తుంది. శక్తి తగ్గింది కాబట్టి తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. లోపలికి వెళ్లింది కంటికి కనిపించీ కనిపించని కిరణం, బయటికి వచ్చేది 450 నుంచి 510 నానోమీటర్ల మధ్య ఉండే నీలి, ఆకుపచ్చ కాంతి. ఈ వెలుగుకు మూలం ఈ అణువులేనని 2005లో ఇటలీ పరిశోధకులు ప్రచురించారు.

మరి నల్లగుడ్డ ఎందుకు? ఈ వెలుగు ఎక్కువగా పైపొరలోనే పుడుతుంది. రాయి ఒళ్లంతా పసుపు గోధుమ రంగు, అంటే నీలాన్ని మింగే రంగు. అందుకే లోపలి గుండా ప్రయాణించిన నీలం బయటికి రాదు, వెలుతురు పడిన వైపే కనిపిస్తుంది. కింద తెల్లకాగితం ఉంటే రాయిలోంచి దిగిన ఎండ కాగితానికి తగిలి పసుపుగా తిరిగి వచ్చి బలహీనమైన నీలాన్ని కప్పేస్తుంది. నల్లగుడ్డ ఆ పసుపును మింగేస్తుంది. దుకాణంలోని తెల్ల ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహితం లేనంత తక్కువ. వాటి కింద అసలైన నీలి అంబర్ కూడా నీలంగా కనిపించదు. అంటే దుకాణం లోపలే, ఏ దీపం కిందైనా, ఎటు తిప్పినా నీలంగా కనిపించే లాకెట్ మీదే అనుమానపడాలి. బయటికి తెచ్చి ఆకాశానికేసి పట్టి చూడండి. అప్పుడూ నీలమే అయితే అది రంగు కలిపిన సరుకు.

జేబులో పట్టే అతినీలలోహిత టార్చ్ కొనుక్కోవచ్చు, కానీ 365 నానోమీటర్లదే కొనాలి. చవగ్గా దొరికే 395 టార్చ్ కంటికి కనిపించే ఊదా కాంతిని కూడా చిమ్ముతుంది. అది నున్నటి ఏ ప్లాస్టిక్ మీద పడినా ఊదానీలంగా పరావర్తనం చెందుతుంది, అదే ప్రతిదీప్తి అని భ్రమపడతాం. టార్చ్ ఏదైనా కళ్లలోకి కొట్టకూడదు.

తేనెరంగు ప్లాస్టిక్‌లో ప్రతిదీప్తి రంగు కలిపితే ఈ పరీక్ష దాటేస్తుంది. అప్పుడు హోటల్ గదిలో ఉప్పునీళ్లు కలపాలి. అంబర్ సముద్రంలో తేలుతుందని చెబుతుంటారు గానీ కరీబియన్ నీటి సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.025 గ్రాములు, అంబర్‌ది 1.05 నుంచి 1.09, కాబట్టి మునుగుతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 50 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు మూడు టేబుల్ స్పూన్లు తలకొట్టి వేసి పూర్తిగా కరిగిస్తే సాంద్రత 1.12 దగ్గరికి వస్తుంది. ఇందులో అంబర్ తేలుతుంది. అక్రిలిక్ 1.18, బేకలైట్ 1.25 పైన, గాజు 2.5, కాబట్టి ఇవన్నీ మునుగుతాయి. సగం ఉప్పు వేస్తే కొన్ని నిజమైన అంబర్లూ మునుగుతాయి. "ఎక్కువేస్తే మంచిదేగా" అని కరిగినంతా కరిగిస్తే సాంద్రత 1.2కు చేరి అక్రిలిక్ కూడా తేలుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ముక్కకు గాలిబుడగలు అంటుకున్నా తప్పు ఫలితమే వస్తుంది. వేలితో ఒకసారి ముంచి, తిప్పి వదలాలి. వెండి బిగించిన లాకెట్‌కు ఈ పరీక్ష పనికిరాదు, విడి పూసలకే. అయ్యాక మంచినీళ్లతో కడగాలి.

ఉప్పునీళ్లకు చిక్కని దొంగలు ఇద్దరు: పాలిస్టైరీన్ ప్లాస్టిక్, కోపాల్. కోపాల్ కూడా చెట్టు జిగురే, కానీ లేతది. మనం ధూపం వేసే గుగ్గిలం కూడా ఈ కోవలోదే. కాలం గడిచేకొద్దీ జిగురులోని డైటెర్పీన్లు అనే అణువులు ద్విబంధాల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని గొలుసులవుతాయి, ఆ గొలుసుల మధ్య అడ్డబంధాలు పడతాయి, ఆవిరయ్యే తేలిక అణువులు క్రమంగా వెళ్లిపోతాయి. అంబర్‌లో ఈ అల్లిక ముదిరింది కాబట్టి అసిటోన్ (గోళ్ల రంగు చెరిపేందుకు వాడే ద్రవం) అణువులు చొరబడి దాన్ని విడదీయలేవు. కోపాల్‌లో అల్లిక పలచన, వెంటనే జిగటవుతుంది. పాలిస్టైరీన్ కూడా మెత్తబడి అంటుకుంటుంది. లాకెట్ వెనక, రంధ్రం పక్కన ఒక చుక్క అసిటోన్ వేసి అరనిమిషం తర్వాత దూదితో అద్దండి. దూది పీచు అంటుకుంటే అది అంబర్ కాదు. మెరుపు కాస్త తగ్గే అవకాశం ఉంది కాబట్టి ముందువైపు వేయకూడదు, అమ్మేవాణ్ణి అడగకుండా అసలే వేయకూడదు.

కొందరు లాకెట్‌ను గుడ్డకు రుద్ది కాగితం ముక్కల్ని లాగి చూపిస్తారు. తలదువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెనా అదే చేస్తుంది. దాంతో ఏదీ రుజువు కాదు. మన పాఠ్యపుస్తకాలు స్థిరవిద్యుత్తును అంబర్‌తో మొదలుపెట్టి అక్కడే వదిలేయడం వల్ల ఈ గారడీకి గౌరవం దక్కుతోంది.

పురుగులున్న ముక్కల్లో దోమంత ఈగలు, చీమలు, కొండిలేని తేనెటీగలు మామూలు. బొమ్మలో పెట్టినట్టు సరిగ్గా మధ్యలో, కాళ్లు చక్కగా చాచుకుని పెద్ద పురుగు ఉంటే ముక్కను పక్కకు తిప్పి అంచు నుంచి చూడండి. రెండు చెక్కలు అతికిన గీత, ఆ గీత వెంబడి ఒకే తలంలో బుడగలు కనిపించవచ్చు. డొమినికన్ అంబర్‌లో బల్లులు నిజంగానే దొరికాయి, కానీ శాస్త్రవేత్తలు వర్ణించిన అనోలిస్ బల్లులు చాలా అరుదు. బీచ్ పక్క బండి మీద బల్లి ఉందంటే దండం పెట్టి కదలండి.

ఇంకో ఆనవాలు పైబెరడు. ప్వెర్టో ప్లాటా, సాంటియాగో మధ్య కొండల్లో అంబర్‌ను చేతిపనిముట్లతోనే తవ్వుతారు. రాయి మీద మురికి గోధుమ రంగు పొర ఉంటుంది. వెనకవైపు ఆ బెరడు కాస్త వదిలి సానబెట్టిన ముక్కను నకలు చేయడం కష్టం. సానపట్టడమూ తడిగానే, నెమ్మదిగా చేయాలి. పొడిగా వేగంగా రుద్దితే వేడికి పైపొర మెత్తబడి గరుకు కాగితానికి అంటుకుంటుంది.

అక్కడే అమ్మే మరో నీలిరాయి లారిమార్ సంగతి క్లుప్తంగా: ఆ దేశంలోని బరహోనా ప్రాంతంలో మాత్రమే తవ్వే, పెక్టొలైట్ అనే ఖనిజంలో నీలి రకం ఇది. కాఠిన్యం పదికి 4.5 నుంచి 5, మామూలు దుమ్ములోని ఇసుకరేణువే గీత పెడుతుంది, కాబట్టి ఉంగరానికి కాదు, లాకెట్‌కే తీసుకోండి. నీలం, తెలుపు తెరలు ఏ రెండు రాళ్లలోనూ ఒకేలా ఉండవు. దండలో పూసలన్నీ కవలల్లా ఉంటే ప్లాస్టిక్కే. అట్లాంటిస్ రాయి, రోగాలు తగ్గిస్తుంది అని చెప్పేవాడికి మన జాతిరత్నాల జ్యోతిష్కుడే అన్నయ్య. అంబర్ పూసలు కడితే పసిపిల్లలకు పళ్లు సులువుగా వస్తాయనేది మాత్రం నవ్వి ఊరుకునే మాట కాదు. సక్సినిక్ ఆమ్లం చర్మంలోకి దిగుతుందని చెబుతారు. అది బాల్టిక్ అంబర్‌లో ఉండే ఆమ్లం, డొమినికన్‌లో లేదు. పైగా ఆ దండలు మెడకు బిగుసుకునే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

అదే బజారులో తాబేటి చిప్ప దువ్వెనలు, గాజులు కూడా కనిపించవచ్చు. ఆ చిప్ప హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలుది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో అది ఉంది. ఆ చిప్పతో చేసిన వస్తువును భారత్‌లో గానీ అమెరికాలో గానీ దిగేటప్పుడు కస్టమ్స్ పట్టుకుంటే బిల్లు చూపినా లాభం లేదు.