చిన్నపిల్లల్లో క్షయను గుర్తించడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పరీక్షలో క్రిములు కనబడలేదంటే బిడ్డకు టీబీ లేనట్టే.

వాస్తవం: నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులను ఎక్కువగా దారి తప్పిస్తున్నది ఈ నమ్మకమే. ఐదేళ్ల లోపు పిల్లలు తెమడను ఉమ్మలేరు, దగ్గినప్పుడు పైకి వచ్చినదాన్ని మింగేస్తారు. అందుకే తెల్లవారుజామున, బిడ్డ ఇంకా పాలు తాగకముందే, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీస్తాము. తల్లి ఒడిలో ఆ పసివాడు గింజుకుంటుంటే సిరంజిలోకి వచ్చేది కొద్ది మిల్లీలీటర్లు మాత్రమే. పిల్లల్లో క్షయ క్రిములు పెద్దవారిలో కంటే చాలా తక్కువగా ఉంటాయి కనుక, ఇంత శ్రమపడి తీసిన నమూనాలోనూ అవి దొరకకపోవచ్చు. మింగిన క్రిముల ఆనవాళ్లు మలంలోనూ దొరుకుతాయి కాబట్టి ఎక్స్‌పర్ట్ అనే జన్యు పరీక్షను మలంతో చేయవచ్చు, దీనివల్ల బిడ్డకు గొట్టం బాధ తప్పుతుంది. ఏ నమూనాలోనూ క్రిములు దొరకకపోయినా, లక్షణాలు, ఎక్స్‌రే, క్షయ రోగితో సాన్నిహిత్యం అన్నీ కలిపి చూసి చికిత్స మొదలుపెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అపోహ: దగ్గు, నెత్తురు పడటం లేకపోతే క్షయ కాదు.

వాస్తవం: పసిపిల్లల్లో నెత్తురు పడటం చాలా అరుదు. నేను ముందుగా అడిగేది బరువు నమోదు చేసిన కార్డు. ఒక పాప కార్డులో వరుసగా మూడు నెలల చుక్కలు ఒకే గీత మీద ఉన్నాయి. పళ్లు వస్తున్నాయి కాబట్టి సరిగా తినడం లేదని తల్లి అనుకుంది. బరువు పెరగకపోవడం, రెండు వారాలు దాటిన జ్వరం లేదా దగ్గు, ఆటల మీద ఆసక్తి తగ్గడం, మెడలో నొప్పి లేని గడ్డలు, వీటిలో ఏ ఒక్కటి కనబడినా క్షయను గుర్తు చేసుకోవాలి.

అపోహ: బీసీజీ టీకా వేశాము కాబట్టి భయం లేదు.

వాస్తవం: మెదడు పొరలకు సోకే క్షయ, ఒళ్లంతా వ్యాపించే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి ఆ టీకా చాలావరకు కాపాడుతుంది. కానీ పూర్తి రక్షణ ఇవ్వదు.

అపోహ: చర్మ పరీక్షలో వాపు వస్తే జబ్బు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

వాస్తవం: చేతి చర్మంలోకి సూదిమందు వేశాక 48 నుంచి 72 గంటల మధ్య చూసే ఆ ఉబ్బు క్రిమి ఒంట్లో చేరిందని మాత్రమే సూచిస్తుంది, జబ్బుగా మారిందో లేదో చెప్పదు. పోషకాహార లోపం ఉన్న బిడ్డకు జబ్బు ఉన్నా ఉబ్బు రాకపోవచ్చు. కొలవవలసింది గట్టిపడిన భాగాన్నే తప్ప ఎర్రదనాన్ని కాదు.

అపోహ: ఇంట్లో పెద్దవారికి మందులు మొదలయ్యాయి కదా, పిల్లలను తర్వాత చూపించవచ్చు.

వాస్తవం: క్రిమి సోకిన శిశువుల్లో అది జబ్బుగా మారే అవకాశం చాలా ఎక్కువ, పైగా చాలామందిలో మొదటి ఏడాదిలోనే మారుతుంది. "ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా?" అంటే లేదనే చెబుతారు. "బిడ్డను రోజూ ఎత్తుకునేది ఎవరు?" అని అడిగితే, పక్కగదిలో నెలల తరబడి దగ్గుతున్న తాతగారి సంగతి అప్పుడు బయటపడుతుంది. అలాంటి ఇంట్లోని ఐదేళ్ల లోపు పిల్లలందరినీ వెంటనే పరీక్షించాలి, జబ్బు లేదని తేలినవారికి నివారణ మందులు ఇవ్వాలి. ఆ పిల్లల్లో ఎవరైనా మత్తుగా పడి ఉంటున్నా, వాంతులు ఆగకపోయినా, మెడ బిగుసుకున్నా మెదడుకు సోకి ఉండవచ్చు కాబట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.