స్టాప్ బటన్ బయట ఎన్‌సీ, లాడర్‌లో ఎన్‌ఓ: అపోహలు - వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో, సుల్తానాబాద్ వైపు రైస్ మిల్లుల్లో పీఎల్‌సీ (మోటార్లను ప్రోగ్రాంతో నడిపే కంట్రోలర్) ప్యానెల్ తెరిచినప్పుడల్లా ఈ మాటలే వినిపిస్తాయి. ఎన్‌సీ అంటే నొక్కనప్పుడు మూసుకుని ఉండి నొక్కితే తెరుచుకునే కాంటాక్ట్, ఎన్‌ఓ దానికి తలకిందులు. లాడర్ అంటే నిచ్చెన మెట్లలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రాం.

అపోహ: స్టాప్ బటన్ ఎన్‌సీ కాబట్టి లాడర్‌లోనూ ఎన్‌సీ గుర్తే పెట్టాలి.

వాస్తవం: ఐటీఐ నుంచి కొత్తగా వచ్చే పిల్లలు తప్పకుండా అడుగుతారు: "అన్నా, బయట ఎన్‌సీ ఉంది గదా, లోపల గూడ గదే పెట్టాలె గదా?" వద్దు. లాడర్ గుర్తు బటన్‌ను చూడదు, ఇన్‌పుట్ బిట్‌ను (కరెంటు అందితే 1, లేకపోతే 0) చూస్తుంది. ఎన్‌ఓ గుర్తు బిట్ 1 అయితే దారిస్తుంది, ఎన్‌సీ గుర్తు 0 అయితే దారిస్తుంది. ఎన్‌సీ బటన్ నొక్కనంతసేపూ 24 వోల్టులు పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డుకు అందుతూనే ఉంటాయి, ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది, బిట్ 1. అక్కడ ఎన్‌ఓ గుర్తు ఉంటేనే రంగ్ (లాడర్‌లో ఒక మెట్టు) ముందుకు సాగుతుంది. ఎన్‌సీ గుర్తు పెడితే స్టార్ట్ ఎంత నొక్కినా మోటారు కదలదు. స్టాప్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే తిరుగుతుంది, స్టాప్ వదలగానే ఆగిపోతుంది. ఇలా కనబడితే వైరింగ్ విప్పకండి, ఆ ఒక్క గుర్తు మార్చండి.

అపోహ: స్టాప్‌కు ఎన్‌ఓ కాంటాక్ట్ బ్లాక్ బిగించి లాడర్‌లో ఎన్‌సీ పెట్టినా ఒకటే.

వాస్తవం: బల్ల మీద ఒకటే. మిల్లులో బటన్ సరుకు పైకెత్తే ఎలివేటర్ దగ్గర ఉంటుంది, ప్యానెల్ ఎక్కడో ఉంటుంది. మధ్యలో కేబుల్‌ను ఎలుకలు కొరుకుతాయి, అదురుకు టెర్మినల్ స్క్రూ వదులవుతుంది. ఎన్‌సీ వైరు తెగితే బిట్ 0 అయి మోటారు దానంతటదే ఆగుతుంది. ఎన్‌ఓ వైరు తెగితే ఎవరికీ తెలియదు. చెయ్యి బెల్టులో పడి ఎవరో స్టాప్ గుద్దినప్పుడే బయటపడుతుంది. అలాంటి ప్యానెల్‌ను నేను అప్పగించను. మోటారు తిరుగుతుండగా స్టాప్ వైరును టెర్మినల్ నుంచి పీకి చూపిస్తాను, ఆగాల్సిందే.

ఎన్‌సీ కూడా అన్నిటికీ మందు కాదు. బటన్ తల వెనక నుంచి కాంటాక్ట్ బ్లాక్ ఊడిపోతే కాంటాక్ట్ మూసుకునే ఉంటుంది, నొక్కినా తెరుచుకోదు. అందుకే అప్పుడప్పుడూ నొక్కి చూడాలి.

అపోహ: సెట్, రీసెట్‌తో (సెట్ చేస్తే రీసెట్ చేసేదాకా బిట్ 1గానే ఉండే పద్ధతి) రాస్తే పని సులువు.

వాస్తవం: రాయడం సులువే. ఆ బిట్ రిటెంటివ్ మెమరీలో (కరెంటు పోయినా చెరగనిది) ఉంటే కరెంటు పోయి వచ్చాక మోటారు తనంతట తానే లేస్తుంది. ఇరుక్కున్న పత్తి తీయడానికి మనుషులు చేతులు పెట్టేది సరిగ్గా కరెంటు పోయినప్పుడే. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) 13-14 ఆక్సిలరీని, అంటే దానితో పాటే మూసుకునే చిన్న కాంటాక్ట్‌ను, ఇన్‌పుట్‌గా తెచ్చి స్టార్ట్‌కు ప్యారలల్‌గా హోల్డింగ్ (స్టార్ట్ వదిలినా మోటారును నడిపించే దారి) ఇవ్వండి. కాంటాక్టర్ పడితే హోల్డింగూ పోతుంది. ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే పనిచేసేది) 95-96 ఎన్‌సీ కాంటాక్ట్ స్టాప్‌తో సిరీస్‌లో ఉండాలి.

అపోహ: స్టార్ట్ అంటే ఆకుపచ్చే.

వాస్తవం: యంత్రాల విద్యుత్ భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 స్టార్ట్‌కు తెలుపును ముందు పెడుతుంది, ఆకుపచ్చ కూడా చెల్లుతుంది. ఎరుపు మాత్రం కుదరదు.

అపోహ: ఎమర్జెన్సీ స్టాప్‌ను పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు ఇస్తే చాలు.

వాస్తవం: మామూలు పీఎల్‌సీలో అవుట్‌పుట్ రిలే అతుక్కుపోతే ప్రోగ్రాం ఎన్నిసార్లు 0 రాసినా కాంటాక్టర్ పడదు. ఆ బటన్ సేఫ్టీ రిలే (భద్రత కోసమే చేసిన, పీఎల్‌సీతో సంబంధం లేని రిలే) ద్వారా కాంటాక్టర్ కాయిల్ సప్లైనే కొయ్యాలి. పీఎల్‌సీకి సమాచారం కోసం ఇంకో కాంటాక్ట్ ఇవ్వండి. బటన్‌ను తిప్పి విడిపించినంత మాత్రాన మెషిన్ లేవకూడదు, మళ్లీ స్టార్ట్ నొక్కితేనే లేవాలి.