5:29:60 – మన గడియారాల్లో కనిపించని సెకను

2012 జులై 1, ఆదివారం. విజయవాడ గవర్నర్‌పేటలో అప్పటి మా చిన్న ఆఫీసుకు ఉదయం వెళ్తే సర్వర్ ఫ్యాన్ల మోత గుమ్మం దాకా వినిపిస్తోంది. జావా సర్వర్లలో సీపీయూ 100 శాతం. అప్లికేషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టినా అంతే. ముందు కరెంటు వాళ్లను తిట్టుకున్నాం. తీరా చూస్తే ఆ తెల్లవారుజామున 5:29:59 తర్వాత 5:30 రాలేదు, 5:29:60 వచ్చింది. అదే లీప్ సెకను.

1967 నుంచి సెకనును సీజియం పరమాణువు లెక్కిస్తోంది. భూమి మాత్రం తనకు తోచినట్టు తిరుగుతుంది. ఈ రెంటి మధ్య తేడా పెరిగినప్పుడల్లా ఒక సెకను కలపడం 1972లో మొదలైంది. జూన్ 30న గానీ డిసెంబర్ 31న గానీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి, అంటే మనకు ఉదయం అయిదున్నరకు, కలుపుతారు. ఇప్పటిదాకా 27 సార్లు కలిపారు.

మనకిది కొత్తేం కాదు, అధిక మాసం ఉన్నదే ఇలాంటి సర్దుబాటుకు. 2015 జులై 1 నాటి లీప్ సెకను సరిగ్గా అధిక ఆషాఢంలోనే పడింది. తేడా ఏమిటంటే, అధిక మాసాన్ని వందేళ్ల ముందే లెక్కకట్టి చెప్పొచ్చు. లీప్ సెకనును భూమి తిరుగుడును కొలిచే పారిస్‌లోని ఐఈఆర్ఎస్ సంస్థ ఆరు నెలల ముందు ప్రకటిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

అసలు చిక్కు కంప్యూటర్ లెక్కలో ఉంది. లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడే యూనిక్స్ పద్ధతిలో రోజుకు కచ్చితంగా 86,400 సెకన్లే. అరవయ్యో సెకనుకు చోటు లేదు కాబట్టి లినక్స్ ఒక సెకను వెనక్కి వెళ్లి అదే సెకనును రెండోసారి నడుపుతుంది. ఆ కోడు కొన్నేళ్లకు ఒకసారి గానీ పనిచేయదు. 1998 డిసెంబర్ తర్వాతి లీప్ సెకను 2005 డిసెంబర్‌లో వచ్చింది. ఇంటర్నెట్ పెరిగిన ఆ ఏడేళ్లలో ఒక్కసారి కూడా దాని అవసరం రాలేదు.

2008 చివర్లో కొన్ని లినక్స్ మెషీన్లు స్తంభించిపోయాయి. సెకను కలపడం బాగానే జరిగింది. 'కలిపాను' అని లాగ్‌లో రాయబోయి ఇరుక్కున్నాయి! 2012లో లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్ గడియారాన్ని సర్దింది గానీ ఆ సంగతి సూక్ష్మ టైమర్లకు చెప్పలేదు. అవి ఒక సెకను ముందుండిపోయాయి. దాంతో 'అర సెకను ఆగు' అని పడుకున్న ప్రోగ్రామ్ వెంటనే లేవడం, మళ్లీ పడుకోవడం, మళ్లీ లేవడం. రెడిట్ వెబ్‌సైట్ ఆగిపోయింది, ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ విమానాల చెక్-ఇన్ నిలిచింది. విరుగుడు మాత్రం ఒక్క లైను: ఉన్న టైమునే డేట్ కమాండుతో మళ్లీ సెట్ చేయడం. మాకది తెలిసేసరికి మధ్యాహ్నమైంది.

ఈ దెబ్బ తర్వాతే పరీక్షలు గట్టిపడ్డాయి. కెర్నెల్ డెవలపర్ జాన్ స్టుల్ట్జ్ రాసిన 'లీప్-ఎ-డే' ప్రోగ్రామ్ గడియారాన్ని అర్ధరాత్రికి పది సెకన్ల ముందుకు జరిపి, లీప్ జెండా (సెకను కలపమని కెర్నెల్‌కు ఇచ్చే సూచన) ఎత్తి, ఏం జరుగుతుందో చూస్తుంది. ఏళ్లకొకసారి వచ్చేదాన్ని గంటలో ఎన్నిసార్లయినా రప్పించొచ్చు. కాకపోతే ఆ మెషీన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. నెట్‌వర్క్‌లో గడియారాలను కలిపే ఎన్‌టీపీ ద్వారా ఇతరులకు టైము ఇస్తుంటే ఆ జెండా వాళ్లకూ పాకుతుంది.

గూగుల్ అయితే 2012కు ముందే ఆ సెకనును ముక్కలు చేసి గంటల తరబడి పులమడం మొదలుపెట్టింది. తెలివైన పనే, కానీ పులిమే సర్వర్‌నూ పులమనిదాన్నీ కలిపి వాడితే రెండింటి మధ్య అర సెకను దాకా తేడా వస్తుంది. మన దగ్గర 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కంప్యూటర్ గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతో కలపమంది. కాబట్టి ఇక్కడ పులుముడు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

2016 డిసెంబర్ 31 తర్వాత లీప్ సెకను రాలేదు. ఈమధ్య భూమి కాస్త వేగం పుంజుకుంది. 2035 నాటికి ఈ పద్ధతిని సడలించాలని 2022లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ తీర్మానించింది. ఈలోగా భూమి ఇంకా వేగం పుంజుకుని ఒక సెకను తీసేయాల్సి వస్తే? పంచాంగంలో ఒక నెలను తీసేసే క్షయ మాసమైనా 1982-83లో వచ్చింది, క్షయ సెకను ఇంతవరకూ రానే లేదు.

మేం టెస్ట్ మెషీన్‌లో తీసేసి చూశాం. లినక్స్ తొణకలేదు. మా ప్రోగ్రామే రోజు ముగింపు లెక్కను యూటీసీ 23:59:59కి కట్టి ఉంచింది. ఆ సెకను రాకపోయేసరికి, ఆ రోజు లెక్క ముగియలేదు.