సేవకు గంటల లెక్క ఎక్కడ మొదలైంది?

అమెరికాలో క్యాథలిక్ హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో చేరే పిల్లలకు పుస్తకాల జాబితాతో పాటు ఇంకో కాగితం అందుతుంది. తేదీ, చోటు, చేసిన పని, పట్టిన సమయం, అక్కడి బాధ్యుల సంతకం అని అందులో గళ్లు ఉంటాయి. ఎన్ని గంటలు సమాజ సేవ చేయాలో బడి ముందే చెబుతుంది. ఒక్కో బడిది ఒక్కో అంకె. పన్నెండో తరగతి ముగిసేలోగా గళ్లు నిండకపోతే చాలాచోట్ల పట్టా ఆగుతుంది. ఈమధ్య కాగితం పోయి ఫోనులో యాప్ వచ్చింది గాని, గళ్లు మాత్రం అవే.

కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని మనం సామెతలా వాడుకునే మాట మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోనిది. ఆ సువార్త పేరు మీద నడిచే బడే, కుడి చెయ్యి చేసిన పనికి రుజువుగా సంతకం తెమ్మంటోంది. నిర్బంధంగా చేయించేది సేవ ఎలా అవుతుందని తల్లిదండ్రులు, పిల్లలు, కొన్నిసార్లు మతబోధన చేసే ఉపాధ్యాయులు కూడా ఏటా అడుగుతూనే ఉంటారు. నా మటుకు నాకు, ఇందులో సేవ ఒక ఇంటి నుంచి, గంటలు ఇంకో ఇంటి నుంచి వచ్చాయనిపిస్తుంది. పేచీ అంతా ఆ వియ్యంలోనే ఉంది.

సేవ వచ్చిన ఇల్లు పాతది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి తోటివాళ్లతో ఒక చర్చావేదికలో మతం తరఫున వాదిస్తుండేవాడు. మీ చర్చి ఒకప్పుడు ఏదో చేసి ఉండవచ్చు, ఇప్పుడు పేదలకు ఏం చేస్తోందో చెప్పమని ఎదుటిపక్షం నిలదీసింది. ఓజనామ్ దగ్గర జవాబు లేదు. మిత్రులను వెంటబెట్టుకుని, పేదవాడల్లో పనిచేసే రోజలీ రాందూ అనే సిస్టరు దగ్గరికి వెళ్తే, ఆమె ఏ ఇళ్లకు వెళ్లాలో చూపించింది. సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘం అలా పుట్టింది. తెలుగునాట క్యాథలిక్ విచారణల్లో (పారిష్‌లలో) కూడా ఆ సంఘం పేరు వినిపిస్తుంది. అది విద్యార్థులు మొదలుపెట్టిన పని. వాళ్లను ఎవరూ గంటలు అడగలేదు.

అమెరికాలోని క్యాథలిక్ బడులకు చాలాకాలం ఈ ప్రశ్నే ఎదురుకాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలు దిగిన ఐరిష్, జర్మన్, పోలిష్, ఇటాలియన్ కుటుంబాల పిల్లలకు జీతం పేరుకే తీసుకునే సిస్టర్లు చదువు చెప్పేవారు. బడే ఒక సేవ. ఆకలిగొన్నవాడు ఎక్కడున్నాడని వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు, పక్క బెంచీలో కూర్చుని ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కుటుంబాలు నాలుగు డబ్బులు చూశాయి, నగరాల శివార్లలో ఇళ్లు కొనుక్కున్నాయి. 1960ల నడుమ క్యాథలిక్ బడుల్లో పిల్లల సంఖ్య 50 లక్షలు దాటి, అక్కడి నుంచి దిగడం మొదలైంది. సిస్టర్లు తగ్గారు, జీతగాళ్లైన ఉపాధ్యాయులు వచ్చారు, ఫీజులు పెరిగాయి. పేదవాడు బెంచీ మీద నుంచి లేచి, పిల్లలు బస్సెక్కి వెళ్లి చూడవలసిన మనిషయ్యాడు. సేవా నియమం పుట్టింది ఈ ఎడంలోనే అంటాను.

దానికి భాష అందించింది 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచ క్యాథలిక్ పీఠాధిపతుల (బిషప్‌ల) సమావేశం. 1971లో రోములో కూడిన పీఠాధిపతులు న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో భాగమేనన్నారు. 1972లో అమెరికా పీఠాధిపతులు విద్య మీద వెలువరించిన లేఖ క్యాథలిక్ బడికి మూడు పనులు అప్పగించింది: సందేశం, సహవాసం, సేవ. అంతకుముందు ఇష్టమున్నవాళ్లు సాయంత్రం చేసుకునే పని, దీంతో పాఠశాల బాధ్యతల్లో చేరింది.

అసలు కుదుపు మాత్రం 1973 జులై 31న స్పెయిన్‌లోని వలెన్సియాలో వచ్చింది. ఆ రోజు యేసు సభ (జెసూట్లు అని పిలిచే క్యాథలిక్ మఠ సంఘం) వ్యవస్థాపకుడు ఇగ్నేషియస్ పండుగ. యూరప్‌లోని జెసూట్ బడుల పూర్వ విద్యార్థులు సమావేశమయ్యారు. మాట్లాడడానికి లేచినవారు యేసు సభ అధిపతి పెద్రో అరూపే. ఆయన వైద్యం చదివి మధ్యలో మఠంలో చేరిన మనిషి. 1945 ఆగస్టు 6న హిరోషిమా శివారులో మఠంలో కొత్తగా చేరినవారి శిక్షణాలయం నడుపుతూ, బాంబు పడ్డాక దాన్నే ఆసుపత్రిగా మార్చి, కాలిన ఒళ్లతో వచ్చినవాళ్లకు చేతనైన వైద్యం చేసినవారు. పూర్వ విద్యార్థుల సభల్లో ఏం మాట్లాడతారో మనకు తెలియనిది కాదు: పాత గురువుల జ్ఞాపకాలు, కొత్త భవనానికి విరాళాలు. అరూపే వాళ్లను నేరుగా అడిగారు, మేము మిమ్మల్ని న్యాయం కోసం తయారు చేశామా అని. చేయలేదని ఆయనే ఒప్పుకున్నారు. ఇకపై మా చదువుకు గురి 'ఇతరుల కోసం జీవించే మనుషులు' అన్నారు. వింటున్నవారిలో కొందరు నొచ్చుకున్నారు. తమను చదివించిన సంస్థే తమ చదువు చాలలేదనడం ఎవరికి రుచిస్తుంది? ఇప్పుడా మాట జెసూట్ బడుల గోడల మీద, పిల్లల టీషర్టుల మీద కనిపిస్తుంది. ఇంగ్లీషులో 'మెన్' (పురుషులు) అని ఉన్నది పోయి 'స్త్రీ పురుషులు' అయింది, 'ఇతరుల కోసం' పక్కన 'ఇతరులతో' చేరింది.

ఆ ప్రసంగంలోనూ గంటల ప్రస్తావన లేదు. 1980లో అమెరికా జెసూట్ హైస్కూళ్ల సంఘం, బడి నుంచి బయటికొచ్చే విద్యార్థి ఎలా ఉండాలో అయిదు లక్షణాలు రాసుకుంది. ఎదగడానికి సిద్ధంగా ఉండడం, ఆలోచనలో పదును, దైవభక్తి, ప్రేమ, న్యాయానికి కట్టుబాటు. వీటిలో దేన్నీ గడియారంతో కొలవలేం.

గంటలు వేరే దారిన వచ్చాయి. అమెరికా హైస్కూలు చదువును గంటల్లో కొలవడం 1906 నాటి కార్నెగీ ఫౌండేషన్ పుణ్యం. అధ్యాపకులకు పింఛను ఇస్తాం గాని, మీ కళాశాలలో చేరేవారు హైస్కూల్లో ఇన్ని యూనిట్లు చదివి ఉండాలని ఆ సంస్థ షరతు పెట్టింది. ఒక యూనిట్ అంటే సుమారు 120 గంటల తరగతి. పింఛను కోసం పెట్టిన కొలత దేశమంతటి చదువుకు తూనికరాయి అయింది. సరిగ్గా అదే సంస్థ అధ్యక్షుడు ఎర్నెస్ట్ బోయర్ 1983లో హైస్కూలు విద్య మీద నివేదిక ఇస్తూ, సేవకూ ఒక కొత్త యూనిట్ పెట్టాలన్నారు. ఏడాదికి 30 గంటలు, నాలుగేళ్లకు 120. సాయంత్రాలు, శని ఆదివారాలు, వేసవి సెలవుల్లో చేయాలి. లెక్క ఎంత పొందికగా కుదిరిందో చూడండి.

ఆ తర్వాత ప్రభుత్వ బడులు కదిలాయి. మేరీలాండ్ రాష్ట్రం 1992లో 75 గంటల నియమం తెచ్చింది; 1997లో పట్టా పుచ్చుకున్నవారితో అది అమల్లోకి వచ్చింది. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ బడుల్లో 60 గంటల నియమం పెడితే తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. రాజ్యాంగ పదమూడో సవరణ బానిసత్వంతో పాటు వెట్టిని నిషేధించింది కదా, ఇది వెట్టి కాదా అని వాదన. ఆ మాట బరువు తెలంగాణ పాఠకులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ కేసులో దాన్ని వాడడం అతిశయమేనని నాకనిపిస్తుంది. 1993లో ఫెడరల్ అప్పీలు కోర్టు కూడా వెట్టి కాదంది. అంత ఇష్టం లేకపోతే ప్రైవేటు బడికి వెళ్లే వీలుందని కోర్టు గుర్తు చేసింది. ఆ ప్రైవేటు బడి క్యాథలిక్ బడి అయితే, అక్కడా అదే కాగితం ఎదురొస్తుందని మాత్రం తీర్పు చెప్పదు. సొంత ఇష్టంతో ఎంచుకున్న బడి గనుక అక్కడ కోర్టుకెక్కడం ఇంకా కష్టం.

కళాశాల దరఖాస్తులో సేవ ఒక బలంగా మారడంతో గంటల విలువ ఇంకా పెరిగింది. అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఈ వ్యవహారం కొత్త కాదు. గుడిలో ప్రసాదం వడ్డించిన గంటలకు ఉత్తరం ఇప్పించమని అడిగే తల్లిదండ్రులు తెలుగువాళ్లలోనూ ఉన్నారు. కొన్ని క్యాథలిక్ బడులు ఇక్కడే మెలిక పెట్టాయి. సొంత ప్రార్థనాలయంలో చేసింది కొంతవరకే లెక్క, మిగిలింది పేదలు, వృద్ధులు, వికలాంగులకు ఎదురుగా నిలబడి చేయాలి అంటాయి. కెనడాలోని ఒంటారియోలో క్యాథలిక్ బడులు ప్రభుత్వ ఖర్చుతోనే నడుస్తాయి గనుక రాష్ట్రం 1999లో తెచ్చిన 40 గంటల నియమం వాటికీ వర్తిస్తుంది. రోజూ ఇంట్లో చేసే పనులు లెక్కలోకి రావని అక్కడి నిబంధన. అమ్మకు గిన్నెలు కడిగిపెట్టడం సేవ కాదన్నమాట! కొవిడ్ కాలంలో ఆ 40ని 20కి తగ్గించారు.

మన దగ్గర కళాశాలల ఎన్.ఎస్.ఎస్. కూడా రెండేళ్లలో 240 గంటలు అడుగుతుంది గాని, దానిలో చేరాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. ఐసీఎస్ఈ బడుల్లో, వాటిలో కాన్వెంట్లు చాలా ఉన్నాయి, సేవకు గంటల బదులు గ్రేడు వేస్తారు.

ఈ సేవనే లోపలి నుంచి తప్పుపట్టినవారూ ఉన్నారు. 1968 ఏప్రిల్‌లో, వేసవి సెలవుల్లో మెక్సికో పల్లెలకు సాయం చేయడానికి వెళ్లే అమెరికా విద్యార్థుల ముందు ఇవాన్ ఇలిచ్ అనే క్యాథలిక్ ఫాదర్ మాట్లాడారు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దని తెగేసి చెప్పారు. అరూపే కంటే అయిదేళ్ల ముందటి మాట ఇది. సేవ చేశాక ఒక వ్యాసం రాయాలని, ఆ పేదరికం ఎందుకుందో తరగతిలో చర్చించాలని నేటి బడులు పెట్టే షరతు ఆ మాటకు ఆలస్యంగా దొరికిన జవాబులా కనిపిస్తుంది.

గంటల ధ్యాస తక్కువగా కనిపించే చోటు కూడా ఒకటి ఉంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో దయాకార్యాలు ఆరు: ఆకలి, దప్పిక, బట్ట, ఆశ్రయం, రోగి, ఖైదీ. చర్చి జాబితాలో ఏడోది చనిపోయినవారిని పాతిపెట్టడం. అది తోబితు గ్రంథం నుంచి వచ్చి చేరింది. మన ప్రొటెస్టెంటు ఇళ్లలోని బైబిల్లో ఆ గ్రంథం ఉండదు. ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో సెయింట్ ఇగ్నేషియస్ హైస్కూలు పిల్లలు 2000ల తొలి సంవత్సరాల నుంచి ఆ ఏడో పని చేస్తున్నారు. యేసును సమాధి చేసిన అరిమతయి యోసేపు పేరే వాళ్ల బృందానికి పెట్టుకున్నారు. డెట్రాయిట్‌లోని జెసూట్ బడి కూడా ఆ దారి పట్టింది. పోయేటప్పుడు మోయడానికి నలుగురుండాలని మనం అంటాం. అక్కడి పెట్టెకు ఆరుగురు కావాలి. పోయినవారిలో కొందరికి బంధువులు ఉండరు, కొందరికి ఉన్నా వాళ్లు మోయగలిగే వయసు దాటి ఉంటారు, కొందరికి ఇల్లూ వాకిలీ ఉండదు. టై కట్టుకున్న పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు పెట్టెకు ఇటు ముగ్గురు అటు ముగ్గురు నిలబడి, పిడులు పట్టుకుని, అడుగులు కలుపుకుంటూ శ్మశానంలోకి నడుస్తారు. ఒక్కోసారి ప్రార్థన చేయించే ఫాదర్, వాళ్లు తప్ప అక్కడ ఎవరూ ఉండరు. అది ముగిశాక మిగిలిన పీరియడ్లకు బడికి వెళ్లిపోతారు.