అంతరిక్ష యాత్రల తొలినాటి ప్రెస్ ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అంచున అపోలో 11 సంఖ్య ఉంటే ఆ ప్రింటు 1969 నాటిదే.

వాస్తవం: ఆ సంఖ్య నెగటివ్‌ది, ప్రింటుది కాదు. ‘ఏఎస్11-40-5903’ అంటే అపోలో 11 యాత్రలోని 40వ ఫిల్మ్ మ్యాగజైన్ (కెమెరాకు తగిలించే ఫిల్మ్ పెట్టె), 5903వ ఫ్రేమ్ అని అర్థం. 1969లో పత్రికలకు పంపిన ప్రింటు మీదా, ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ తీసిన ప్రింటు మీదా అదే సంఖ్య ఉండవచ్చు. వయసు తెలియాలంటే ఫొటోను వెనక్కి తిప్పి కాగితాన్ని చూడాలి. అపోలో కాలపు రంగు ప్రింట్లలో పైఅంచున ఎర్ర సంఖ్య, వెనక లేతగా ‘ఎ కొడాక్ పేపర్’ అనే ముద్ర, ఊదారంగు సిరాతో క్యాప్షన్ తరచుగా కలిసి కనిపిస్తాయి. ప్లాస్టిక్ పూత కాగితాలు రంగు ప్రింట్లకు 1960ల చివర్లో, నలుపు తెలుపు ప్రింట్లకు 1970ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చాయి కాబట్టి, 1962లో జాన్ గ్లెన్ చేసిన యాత్ర ఫొటో అలాంటి కాగితం మీద ఉంటే అది తరువాతి ప్రింటే. నాసా పంచిన లితోగ్రాఫులనూ కొందరు ఫొటోలుగా అమ్ముతారు. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద ముద్రించిన బొమ్మ.

అపోహ: అతినీలలోహిత దీపం కింద మెరిస్తే నకిలీ.

వాస్తవం: కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాలు 1950ల మధ్య నుంచే ఫొటో కాగితాల్లో ఉన్నాయి. తొలి వ్యోమగామి గగారిన్‌ది 1961 నాటి ప్రింటు కూడా మెరవవచ్చు. 1940ల ఫొటోలకు పనికొచ్చే ఈ పరీక్షను ఇక్కడ ప్రయోగించి మంచి ప్రింట్లను తోసిపుచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: దిద్దుబాట్లు ఉన్న ఫొటోకు విలువ లేదు.

వాస్తవం: పత్రికా కార్యాలయంలో వేసిన తెల్లరంగు, పెన్సిలుతో గీసిన కత్తిరింపు గుర్తులు, వెనక అతికించిన క్యాప్షన్ చీటీ, తేదీ ముద్ర ఆ ప్రింటు ఎప్పుడు ఎవరి చేతికి వచ్చిందో చెప్పే సాక్ష్యాలు, నా మట్టుకు నేను వాటిని శుభ్రం చేయించను. టెలిఫోన్ తీగల ద్వారా పత్రికలకు వచ్చిన ఫొటోల్లోని సన్నని అడ్డగీతలు కూడా లోపం కాదు. అంతెందుకు, పైన చెప్పిన 5903వ ఫ్రేమ్‌లో చంద్రుడి మీద నిలబడిన వ్యోమగామి ఆల్డ్రిన్ తల వెనుకనున్న పరికరం పైభాగం తెగిపోతే, పైన నల్లని ఆకాశాన్ని చేర్చి పత్రికలకు విడుదల చేశారు. (హెల్మెట్ అద్దంలో ప్రతిబింబించేది ఆర్మ్‌స్ట్రాంగ్, చాలామంది ఆల్డ్రిన్‌నే ఆర్మ్‌స్ట్రాంగ్ అనుకుంటారు.) సోవియట్ వైపు దిద్దుబాటు మరీ తీవ్రం: 1963లో వ్యోమగాముల దళం నుంచి తొలగించిన గ్రిగొరి నెల్యుబోవ్ రూపాన్ని సామూహిక చిత్రాల నుంచి చెరిపివేశారు.

అపోహ: సంతకం ఉంటే వ్యోమగామి స్వయంగా చేసినదే.

వాస్తవం: 1960ల నుంచే నాసా వ్యోమగాముల సంతకాలకు ఆటోపెన్ అనే సంతకాలు చేసే యంత్రాన్ని వాడారు. రెండు ప్రింట్ల మీది సంతకాలు గీతకు గీత సరిపోతే యంత్రాన్ని అనుమానించాలి.

అపోహ: మసకగా ఉంటే అది నకలుకు నకలు.

వాస్తవం: 1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి లియొనోవ్ అంతరిక్షంలో నడిచినప్పుడు ఆయన సూట్ ఉబ్బిపోవడంతో తన స్టిల్ కెమెరాను వాడలేకపోయారు, పత్రికలకు అందినవి సినిమా, టీవీ కెమెరాల దృశ్యాలే కనుక ఆ మసక మూలంలోనే ఉంది. అదే ఏడాది జూన్ 3న అంతరిక్షంలో నడుస్తున్న అమెరికా వ్యోమగామి ఎడ్వర్డ్ వైట్‌ను సహయాత్రికుడు మెక్‌డివిట్ హాసెల్‌బ్లాడ్ అనే స్టిల్ కెమెరాతో తీశారు. ఆ ఫొటో ప్రింటు మసకబారి ఉంటే మాత్రం అది ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకందారును గట్టిగా అడగాలి.