ఇంజన్ ఆపినా ఆగని చప్పుడు

మా అక్కవాళ్ల ఫ్లాటు హైదరాబాద్ అత్తాపూర్‌లో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్‌ను ఆనుకుని ఉంటుంది. అక్కడ అడ్రస్ అడిగితే వీధి పేరు కాదు, పిల్లర్ నంబర్ చెబుతారు. రాత్రి రెండు గంటలకు హారన్లు సద్దుమణిగాక బాల్కనీలో నిలబడితే ఒక్కో కారూ రెండు దెబ్బలుగా వినిపిస్తుంది: డబ్... డబ్. ఫ్లైఓవర్ అతుకు మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి. ఆ చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు రెండు దెబ్బల మధ్య ఎడం 0.15 సెకను. ఫోన్‌లో రికార్డు చేసి ఆ ఎడం కొలిస్తే చాలు, కారు కనిపించకపోయినా దాని వేగం చెప్పేయొచ్చు.

దెబ్బల సంగతి అలా ఉంచి, వాటి వెనకే సాగే హోరు వినండి. అది ఇంజన్‌ది కాదు. కారు నిలకడగా పోతున్నప్పుడు వేగం సుమారు 40 కిలోమీటర్లు దాటిందంటే ఇంజన్ కంటే టైర్ల చప్పుడే ఎక్కువ. బండ్లన్నీ ఎలక్ట్రిక్ అయిపోతే ఔటర్ రింగ్ రోడ్డు నిశ్శబ్దమైపోతుందని చాలామంది ఆశ పడుతున్నారు. అది జరగదు. వేగం రెట్టింపైతే టైరు హోరు 9 నుంచి 12 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 పెరిగితేనే మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోస్తుంది.

దోసిలిలా వంచిన అరచేతులతో చప్పట్లు కొట్టి చూడండి. చేతుల మధ్య చిక్కిన గాలి 'బొప్' మంటూ బయటపడుతుంది. టైరు గాడుల్లో చిక్కిన గాలిదీ అదే పని, కాకపోతే సెకనుకు కొన్ని వందల సార్లు. గాడుల మధ్య రబ్బరు ముక్కలు రోడ్డును కొట్టే దెబ్బలు దానికి తోడు. పైగా టైరు గుండ్రం, రోడ్డు చదును కాబట్టి రెండూ కలిసే మూల సన్నాయి బూరలా విచ్చుకుని ఉంటుంది. లోపల పుట్టిన చిన్న శబ్దాన్ని పెద్దది చేసి బయటికి వదిలేది ఆ మూలే.

దీన్ని కొలవాలంటే ముందు ఇంజన్ శబ్దాన్ని తీసేయాలి. టైర్లను పరీక్షించేటప్పుడు బండిని వేగం అందుకునేలా చేసి, న్యూట్రల్‌లో వేసి, ఇంజన్ ఆపేస్తారు. బండి మధ్యగీతకు రెండు వైపులా 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకులు ఉంటాయి. వాటి మధ్య నుంచి కారు తన ఊపు మీదే దొర్లిపోతుంది. ఫలితాన్ని 80 కిలోమీటర్ల వేగానికి లెక్క కడతారు. రోడ్డు కూడా ప్రామాణికమైనదే కావాలి, ఎందుకంటే అదే టైరు వేరే రోడ్డు మీద వేరేగా పలుకుతుంది.

రోడ్డును పరీక్షించాలంటే తిరగేసి చేయాలి. టైరు మారదు, రోడ్డు మారుతూ ఉంటుంది. ట్రైలర్‌కు ప్రామాణిక టైరు బిగించి, దాని పక్కగోడకు 20 సెంటీమీటర్ల దూరంలో, నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తులో మైకులు పెట్టి లాక్కుపోతారు. ప్రతి 20 మీటర్ల ముక్కకూ ఒక అంకె వస్తుంది. పాత తారు ఎక్కడ ముగిసిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే.

రోడ్డు పక్కన నిలబడి నిజమైన బండ్లను కొలిచే పద్ధతీ ఉంది. అయితే ఒక్కో బండీ విడిగా రావాలి, అలాంటి కార్లు కనీసం వంద కావాలి. మెహదీపట్నంలో పగటిపూట ఒక్కటి దొరకడమే గగనం.

ఎండ సంగతి కూడా చూడాలి. వేడికి రబ్బరు మెత్తబడి చప్పుడు కాస్త తగ్గుతుంది. అందుకే కొలతల్ని 20 డిగ్రీలకు సరిచేస్తారు. మే నెల మధ్యాహ్నం మన రోడ్ల మీద కొలిస్తే ఆ సవరణ చిన్నదేమీ కాదు.

ఇక వాన పడితే హోరు కాస్తా 'స్‌స్‌స్' అనే సన్నటి ఈలగా మారి ఇంకా పెరుగుతుంది. ఈ పద్ధతులన్నీ పొడి రోడ్డుకే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తడిసే ఊళ్లో తడి రోడ్డు చప్పుడును విడిగా కొలిచి, ఆ అంకెనూ పక్కన రాసి పెట్టాలని నా గట్టి అభిప్రాయం. కిందటి వానాకాలం అక్క కిటికీలన్నీ మూసి పడుకుంది, అయినా ఆ ఈల గదిలోకి వచ్చింది.