ప్రోస్టేట్ ఆపరేషన్: ఓపీలో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో యూరాలజీ ఓపీకి శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లారకముందే బయల్దేరి వచ్చే పెద్దవాళ్లు ముందుగా స్కానింగ్ రిపోర్టు తీసి బల్ల మీద పెడతారు. మగవాళ్లలో మూత్రాశయం (బ్లాడర్) కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఎన్ని గ్రాములో రాసిన చోట పెన్నుతో గీత గీసి ఉంటుంది. నేనడిగేది వేరు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార ఎలా వస్తోంది, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఉంటోందా అని.

అపోహ: గ్రంథి ఎంత పెద్దదైతే అంత ప్రమాదం.

మామూలుగా ప్రోస్టేట్ 20 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. 90 గ్రాములున్నా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవాళ్లున్నారు. 35 గ్రాములకే మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి పైపు వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. మూత్రనాళం ఈ గ్రంథి మధ్యలోంచే పోతుంది కాబట్టి, అది పెరిగి లోపలికి ఎంత నొక్కుతోందన్నదే లెక్క. అందుకే ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్ష చేసి, మూత్రం పోశాక బ్లాడర్‌లో ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తాం. ధార సెకనుకు 10 మిల్లీలీటర్లు కూడా దాటకపోతే, దారిలో అడ్డయినా ఉండాలి, బ్లాడర్ అయినా నీరసించి ఉండాలి.

అపోహ: మాత్రలతో ఎన్నాళ్లైనా నెట్టుకురావచ్చు.

చాలామందికి మాత్రలు సరిపోతాయి, నిజమే. టామ్సులోసిన్ దారిని వదులు చేస్తుంది కానీ గ్రంథిని తగ్గించదు. (శుక్లాల ఆపరేషన్‌కి వెళ్తే ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టరుకి తప్పక చెప్పండి.) డ్యుటాస్టెరైడ్ గ్రంథిని తగ్గిస్తుంది, దానికి నెలలు పడుతుంది. అయితే పైపు తీసిన ప్రతిసారీ మూత్రం ఆగిపోతున్నా, ఇన్ఫెక్షన్ లేదా రక్తం మళ్లీ మళ్లీ వస్తున్నా, బ్లాడర్‌లో రాళ్లు చేరినా, కిడ్నీల మీద ఒత్తిడి పడుతున్నా ఇక ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఏళ్ల తరబడి ముక్కుతూ పోసిన బ్లాడర్ ఎలాస్టిక్ సాగిపోయిన నిక్కరులా తయారవుతుంది. అప్పుడు అడ్డు తీసినా దానికి తోసే శక్తి మిగలకపోవచ్చు.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరగగానే ‘మా ఊరి జబ్బే’ అని సరిపెట్టుకుంటారు. అక్కడ కిడ్నీ జబ్బు ఉన్నమాట నిజమే. కానీ ప్రోస్టేట్ అడ్డు వల్ల కిడ్నీలు ఉబ్బినా క్రియాటినిన్ పెరుగుతుంది, పైపు వేస్తే దిగొచ్చు. అల్ట్రాసౌండ్ తీయిస్తే చాలావరకు తేలిపోతుంది.

అపోహ: లేజర్ అంటే కోత ఉండదు, మత్తు ఉండదు. టర్ప్ పాతకాలపు ఆపరేషన్.

టర్ప్‌లోనూ పొట్ట మీద కోత లేదు. మూత్రనాళంలోంచి పరికరం పంపి అడ్డున్న కండను కొద్దికొద్దిగా చెక్కి తీస్తాం. ఇప్పుడు వాడే బైపోలార్ పద్ధతిలో సెలైన్‌తోనే కడుగుతాం కాబట్టి, ఒంట్లో సోడియం పడిపోతుందన్న పాత భయం బాగా తగ్గింది. హోలెప్‌లో లేజర్‌తో లోపలి కండను పైపొర నుంచి ఒలిచి బ్లాడర్‌లోకి తోసి, అక్కడ ముక్కలు చేసి బయటికి లాగుతాం. ఒకప్పుడు పొట్ట కోసి తీయాల్సి వచ్చిన పెద్ద గ్రంథులకు ఇది నిజంగా వరం. రెండింటికీ మామూలుగా నడుముకి మత్తు ఇస్తాం, కొద్దిరోజులు పైపు ఉంటుంది. గ్రంథి మరీ పెద్దది కానివాళ్లకి ఆవిరితో చేసే రెజూమ్, క్లిప్పులతో గ్రంథిని పక్కకి లాగి కట్టే యూరోలిఫ్ట్ ఉన్నాయి. రెజూమ్ ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, ‘ఇంకా తగ్గలేదేంటి’ అని టెన్షన్ పడొద్దు. నన్నడిగితే మెషీన్ పేరు చూసి ఆసుపత్రిని ఎంచుకోవద్దు. అక్కడి సర్జన్ ఏ పద్ధతి ఎక్కువగా చేస్తారో అడగండి.

అపోహ: ఆపరేషన్ అయితే సంసార జీవితం అయిపోయినట్టే.

వెంట వచ్చిన భార్య బిల్లింగ్ కౌంటర్ దగ్గరకి వెళ్లాకే ఈ ప్రశ్న బయటికొస్తుంది. అంగస్తంభన చాలామందికి మునుపటిలాగే ఉంటుంది. మారేది వీర్యం వెళ్లే దారి. టర్ప్, హోలెప్ తర్వాత ఎక్కువమందిలో అది బయటికి రాకుండా బ్లాడర్‌లోకి వెళ్లి తర్వాత మూత్రంతో పోతుంది. ఒంటికి హాని లేదు. కానీ ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. యూరోలిఫ్ట్, రెజూమ్‌లలో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

అపోహ: గుండెకి వాడే, రక్తం పలచబరిచే మాత్రలు వారం ముందే మానేసి రావాలి.

సొంతంగా మానొద్దు. స్టెంటు ఉన్నవాళ్లైతే అసలే వద్దు. గుండె డాక్టరూ మేమూ మాట్లాడుకుని చెబుతాం.

అపోహ: ప్రోస్టేట్ తీసేశారు, ఇక క్యాన్సర్ రాదు.

తీసేది లోపలి కండ మాత్రమే, పైపొర అలాగే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ పైపొర భాగంలోనే. గ్రంథి ఇలా పెరగడం క్యాన్సర్‌గా మారదు, కానీ రెండూ ఒకే మనిషికి రావచ్చు. టర్ప్, హోలెప్‌లలో తీసిన ముక్కను ల్యాబ్‌కి పంపుతాం, ఆ రిపోర్టు పారేయకండి. తర్వాత కూడా పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పసిగట్టే రక్తపరీక్ష) ఎప్పుడెప్పుడు చేయించాలో అడగండి. డ్యుటాస్టెరైడ్ కొన్ని నెలలుగా వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోయి కనిపిస్తుంది, కాబట్టి ఆ మాత్ర సంగతి కూడా చెప్పండి.